స్క్రూడ్రైవర్ చెవి

సింగరాయకొండ దాటాక, కందుకూరు రోడ్డులో
ఒక రేకుల షెడ్డు.
బోర్డు మీద రంగు ఎప్పుడో లేచిపోయింది,
'డీజిల్ పం' దాకా మిగిలింది.
ఖాజావలికి మనుషుల మాట సగమే వినబడుతుంది.
పొడుగాటి స్క్రూడ్రైవర్ ఇంజన్ మీద పెట్టి
పిడిని చెవి వెనక ఎముకకు ఆనించుకుంటాడు,
కళ్లు మూసుకుంటాడు.
నేను ఎక్సలేటర్ మీద కాలేసి ఊపిరి బిగబడతాను.
"మూడోది దగ్గుతుండాది."
విప్పి చూస్తే మూడో ఇంజెక్టరే.

నా బండి బతుకు చిన్నది.
ఎండాకాలం ఉలవపాడు మామిడి,
మిగతా కాలమంతా పాకల చెరువుల రొయ్య.
ఐసు కరిగేలోగా ప్లాంటు గేటు దాటాలి.
దానికి తెలిసిన పందెం అదొక్కటే,
నీళ్లతో.

రామాయపట్నం మాలకొండయ్య టీకొట్టు దగ్గర
అందరూ వింటుండగా "రొయ్యల డబ్బా" అన్నాడు.
అందుకే ఇదంతా.
ఇంకో కారణం చెప్తే అబద్ధం.

పదకొండు రాత్రులు.
ఒంగోలు స్క్రాపులో ఒక లారీ టర్బో దొరికింది,
నోటితో ఊదితే గిర్రున తిరిగింది.
ఇంటర్‌కూలర్ పట్టక ముందు గ్రిల్లు కోశాం.
పంపు సీలు తెంచేటప్పుడు ఖాజావలి చెయ్యి ఆగింది
పిల్లోడి మెడలో తాయెత్తు తెంపుతున్నట్టు.
పావు చుట్టు తిప్పాడు. విన్నాడు.
ఇంకో పావు చుట్టు.
సైలెన్సర్ పీకేసిన రాత్రి
వెనకింటి గేదె చేపలేదంట,
పొద్దున్నే ఆమె తిట్టిన తిట్లు మాత్రం
ఖాజావలికి పూర్తిగా వినబడ్డాయి.

తర్వాత బరువు.
స్టెప్నీ దించాం, జాకీ దించాం,
క్లీనర్ సీటు, టార్పాలిన్, తాళ్లు, తొట్టి వెనక తలుపు.
ముందర వేలాడే నిమ్మకాయ మీద చెయ్యేస్తే
"అదెంతుంటది భాయ్?" అన్నా.
"బరువు బరువే" అన్నాడు,
తియ్యలా.
వాషింగ్ సోడాతో మూడుసార్లు కడిగినా
రొయ్య వాసన దిగిరాలేదు.
కాటా మీద పెట్టగలిగితే అదో పది కేజీలు.

విమానాలు దిగడానికని వెడల్పు చేసిన హైవే ముక్క,
ఇంకా బండ్లను వదల్లేదు అప్పటికి.
సున్నంతో గీత. అవతల చివర
ఫోన్ లైటు పట్టుకుని ఒక కుర్రాడు, మిణుగురంత.
నాలుగొందల మీటర్లు.
పాకల పెద్ద చెరువు గట్టు అంతకంటే పొడుగు.

తువ్వాలు కిందికి దిగింది.
క్లచ్ వదిలా.

పొగ, నల్లగా, చుక్కలు ఆరిపోయేంత.
తొట్టి కుందేలులా ఎగిరింది.
వెనక టైర్లు తిరుగుతుండాయి, తిరుగుతుండాయి,
రోడ్డు మాత్రం చేతికి దొరకడం లేదు.
ఇన్నేళ్లు టన్నున్నర కింద అణిగి
నేల పట్టుకున్న బండి
ఖాళీగా ఎట్టా నిలబడాలో ఎరగదు.
పక్కన మాలకొండయ్య బండి వెనక ఎర్ర లైట్లు
చిన్నవయిపోయాయి.
వాడి తొట్టిలో, ఇరుసు మీదికి సరిగ్గా,
నాలుగు ఇసక మూటలు.

ఖాజావలి నన్ను తిట్టలేదు.
రోడ్డు మీద కూర్చుని టైరు తడిమాడు,
వేడికి వేలు వెనక్కి లాక్కున్నాడు.
"ఇంజన్ని విన్నా అబ్బయా.
వీటిని వినలా."

నాలుగింటికి చెరువు దగ్గర అన్నీ మళ్లీ ఎక్కించా.
స్టెప్నీ, తాళ్లు, ఐసు, రొయ్య, మళ్లీ ఐసు.
బరువెక్కిన కొద్దీ బండి వెనక్కి కూర్చుంది,
అలిసినామె అరుగు మీద కూర్చున్నట్టు.
ఫ్లైఓవర్ ఎక్కుతుంటే థర్డ్ గేరులోనే
టర్బో ఈల వేసింది.
లారీలు వెనకపడ్డాయి.
ప్లాంటు గేటు వాచ్‌మన్ మూత ఎత్తి చూసి
"ఇంత ఐసు మిగిలిందేంది?" అన్నాడు.

ఖాజావలికి ఫోన్ చేశా.
మూడోసారికి ఎత్తాడు. "ఎవరూ? ఎవరూ?"
చెప్తే వినబడదు గదా,
బానెట్ ఎత్తి ఫోన్ ఇంజన్ మీద పెట్టా.
అటు నించి చాలాసేపు చప్పుడు లేదు.
"మూడోది మళ్లీ దగ్గుతుండాది" అన్నాడు,
పెట్టేశాడు.